సారీతాష్ దారిలో దొర

సారీతాష్ దగ్గరి శిబిరం, కిర్గిజ్‌స్తాన్
14 సెప్టెంబరు 2024

వేణక్కా,

ఫోన్ చేయలేదని నన్ను తిట్టుకుంటూ ఉంటావని తెలుసు. మేము దిగిన లోయలో టవరు లేదు. డైరెక్టరు దగ్గర ఒక శాటిలైట్ ఫోను ఉంది కానీ, ప్రాణం మీదికి వస్తే తప్ప దాన్ని బయటికి తీయడు. తీసిన షూటింగు అంతా పెట్టెల్లో పెట్టుకుని బకిత్ అనే డ్రైవరు అప్పుడప్పుడు ఓష్ పట్టణానికి పోతుంటాడు. కాగితం మీద రాసిస్తే అక్కడ ఫొటో తీసి నీ వాట్సాప్‌కు పంపుతానన్నాడు. నువ్వు రాసేది కూడా అచ్చు తీయించి తెస్తాడట. కాబట్టి తెలుగు టీచరమ్మా, ఎర్ర పెన్ను పక్కన పెట్టి చదువుకో.

ఇక్కడ చెట్టు అన్నది లేదు. ఎటు చూసినా పసుపు గడ్డి, దాని చివర గోడ కట్టినట్టు తెల్లటి కొండలు. గుర్రాలు మన మత్తిగిరి ఫారం గుర్రాల్లా నాజూకువి కావు. పొట్టివి, మొండివి, మంచు మీద కూడా కాలు జారవు. మొదటి రోజు నన్ను మూడుసార్లు కరిచాయి. ఇప్పుడు నా జేబులో చక్కెర బిళ్లలు వెతుక్కుంటున్నాయి.

ప్రెస్కాట్ దొర కాష్గర్‌లో బ్రిటిషు కాన్సలు ఉద్యోగం వదిలి, నూట పన్నెండేళ్ల కిందట ఇంగ్లండుకు బయలుదేరిన దారి ఇదేనట. దొర వేషానికి మార్టిన్ అని లండన్ నటుడు వచ్చాడు. దూరం నుంచి తీసే షాట్లలో ఆయన వెనక గుర్రం పట్టుకుని నడిచేది నేనే. అంటే మన ముత్తాత ఈరప్ప వేషం నాదే! గుర్రాలు చూసుకోవడానికి వచ్చినవాణ్ణి, ఆ దొరతో వచ్చినవాడి మునిమనవణ్ణని తెలిసి డైరెక్టరే పట్టుబట్టాడు.

ఒక సంగతి నాన్నకు మెల్లగా చెప్పు. స్క్రిప్టులో కూడా దొర ఈ ప్రయాణం మీద రాసిన పుస్తకంలో ఉన్నట్టే ఉంది. 'నా గుర్రాల మనిషి కుంటి గుర్రంతో సహా పారిపోయాడు' అని. అది నిజం కాదని, మా ఇంట్లో వేరే కథ ఉందని చెప్పాను. చూద్దాం అన్నాడు డైరెక్టరు.

మార్టిన్ మంచివాడే. కాకపోతే కెమెరా ఆపినాక కూడా నన్ను ఈరప్పా అనే పిలుస్తాడు.

నీ హరి


హొసూరు
19 సెప్టెంబరు

హరీ,

నీ ఉత్తరం ఫొటో మధ్యలో డ్రైవరు బొటనవేలు కూడా పడింది. అయినా ప్రతి అక్షరం చదివాను. తప్పులు దిద్దలేదు, లెక్క మాత్రం పెట్టుకున్నాను.

ఆదివారం మన ఊరు బేరిగైకి పోయి నాన్నకు చదివి వినిపించాను. టమోటా తోటలో కర్రలు పాతుతున్నాడు. పారిపోయాడన్న మాట దగ్గరకు వచ్చేసరికి చేతిలో కర్ర కింద పడేశాడు.

"వాడు పారిపోయే వేషం వెయ్యొద్దని చెప్పు. మా అవ్వ సచ్చేదాకా బొట్టు తియ్యలేదు. ఏమని? దొర రమ్మనేదాకా కూచోమన్న్యాడు, ఆయప్ప కూచునుంటాడని. ఆ ఇంట్లో పుట్టినోడు పారిపోయినట్ల చేసి చూపిస్తాడా?"

చిన్నప్పుడు నువ్వు ఈ కథ సగం నిద్రలోనే వినుంటావు. దొరతో పోయిన వంటమనిషి ఒకడు రెండేళ్లకు తిరిగి వచ్చి, ఈరప్ప తాత భార్య అంగాళమ్మ అవ్వకు చెప్పాడట. కొండ దాటే కనమ దారి మీద మంచు పట్టుకుంది, ఒక గుర్రం కుంటిదైంది. 'దీన్ని చూసుకుంటూ ఈ రాతి కొట్టంలో ఉండు, కింద ఊరి నుంచి మనుషుల్ని పంపిస్తాను' అని దొర ఈరప్ప తాతకు చెప్పి ముందుకు పోయాడట. కింది ఊళ్లోనే దొరను విడిచిపోయిన ఆ వంటమనిషికి తరవాత ఏమైందో తెలియదు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉంటాడని అవ్వ నమ్మింది. అందుకే మన ఇంట్లో మహాలయ అమావాస్యకు పోయినవాళ్లందరికీ పెడతారు, ఆయనకు మాత్రం పెట్టరు.

నువ్వు ఆ షాటు చేయకు. నాన్న మాట అదే, నా మాట కూడా.

ఇక్కడ సరిహద్దులో జూజువాడి దగ్గర లారీలు మళ్లీ ఆగిపోయాయి. మా స్కూలు హెడ్‌మిస్ట్రెస్ మంజులమ్మ బెంగళూరు నుంచి వచ్చేసరికి రెండో పీరియడు అయిపోయింది. పిల్లలకు పండగే. నీ మార్టిన్ వేషంలో మునిగిపోయినట్టున్నాడు, పిలవనీ. పేరు అరిగిపోదు కదా.

స్వెటరు లోపల ఇంకో స్వెటరు వేసుకో.

అక్క


కనమ కింది శిబిరం
24 సెప్టెంబరు

అక్కా,

నాన్న మాట అందింది. ఆ షాటు చేయనని చెప్పేశాను. డైరెక్టరు ముఖం ముడుచుకున్నాడు. నేను మాత్రం ఆ రోజు కడుపునిండా తిన్నాను.

శిబిరం ఇంకా పైకి మార్చాం. మార్టిన్‌ది కాస్త వింతగా ఉంది. పగలు కనపడడు. షూటింగుకు కూడా ఈ వారం రోజులుగా కొండలూ గుర్రాలే తీస్తున్నారు, ఆయన ఊసు లేదు. పొద్దు వాలే వేళకు మాత్రం గుర్రాలు కట్టేసే చోటికి ఒంటరిగా వస్తాడు. పొడుగు కోటు, మోకాళ్ల దాకా బూట్లు, మెడ చుట్టూ మఫ్లరు. నేను లేచి నిలబడితే చేత్తో కూర్చోమంటాడు. వేషం తీసినట్టే లేదు.

నిన్న వచ్చి, "గుర్రం కాలు ఎట్ల ఉందప్పా?" అని అడిగాడు. తెలుగులో! అదీ మన బేరిగై సంతలో గుర్రం బేరమాడేవాళ్లు అడిగినట్టు. నాకు నవ్వు ఆగలేదు. స్క్రిప్టు కోసం ఎవరి దగ్గరో నేర్చుకున్నాడేమో. "ఏ గుర్రానికీ కుంటు లేదు దొరా, అన్నీ బాగున్నాయి" అన్నాను, ఆటకు ఆటగా. ఆయన నవ్వలేదు. చివర కట్టేసిన బూడిదరంగు గుర్రం వైపు చాలాసేపు చూసి, "దాన్ని జాగ్రత్తగా చూసుకో, ఈరప్పా" అని వెళ్లిపోయాడు.

ఇంకొకటి. ఇక్కడ చలికి అందరి నోటి నుంచి మాటకో పొగ వస్తుంది. గుర్రాలకైతే ఇంజన్లకు వచ్చినట్టే. ఆయన మాట్లాడితే రాదు. మఫ్లరు వల్లనేమో అనుకున్నాను.

ఆయన వచ్చినప్పుడు గుర్రాలన్నీ మేత ఆపి, తలలు ఒకే వైపు తిప్పి నిలబడతాయి. ఆయన వైపు కాదు. కనమ వైపు.

భయపడకు. నాకైతే ఆయన మీద జాలిగా ఉంది. ఏదో పోగొట్టుకున్నవాడిలా తిరుగుతుంటాడు.

హరి


హొసూరు
29 సెప్టెంబరు

హరీ,

ఈ ఉత్తరం చేరగానే మొదట ఇది చదివి, తరవాత మిగతా పని చూడు.

నువ్వు రాసినదాంట్లో తెలుగు మాట్లాడాడన్నది నాకు మింగుడు పడలేదు. సరే, నీ క్షేమం కనుక్కుందామని మీ సినిమా బెంగళూరు ఆఫీసుకు ఫోన్ చేశాను. నందిత అనే ఆమె మాట్లాడింది, మంచి అమ్మాయి. మీ మార్టిన్‌గారు చాలా బాగా తెలుగు నేర్చుకున్నారట కదా అన్నాను. ఆమె అన్న మాట ఇది:

"మార్టిన్ పదహారో తేదీనే వెళ్లిపోయాడు మేడమ్. ఆ ఎత్తులో ఊపిరి అందక కిందికి దించేశారు, అట్నుంచి అటే లండన్. మీ తమ్ముడు చెప్పలేదా?"

ఇంకెవరైనా విదేశీయుడు ఉన్నాడా అని అడిగాను. శిబిరంలో ఉన్నది మనవాళ్లు, కిర్గిజ్ వాళ్లు, అంతేనట. దొర దుస్తులున్న పెట్టె కూడా ఓష్‌లోనే ఉందట.

హరీ, నీ దగ్గరికి వస్తున్నది ఎవరు? నీతో ఎవరైనా ఆటలాడుతున్నారా? చలికని చెప్పి ఏమైనా తాగుతున్నావా? అలా అడిగినందుకు కోపం తెచ్చుకోకు. ఇంకెవర్ని అడగను?

నాన్నకు ఇవేమీ చెప్పలేదు. ఆయన పొద్దు వాలినాక ఎవరో పిలిచినట్టుందని రెండుసార్లు వీధిలోకి పోయి చూసి వచ్చాడట. మామూలుగా చెవులు వినపడవు ఆయనకు.

సాయంత్రం ఒంటరిగా గుర్రాల దగ్గర ఉండకు. వీలైతే బకిత్‌తో పాటు కిందికి వచ్చేయి. మిగతా సంగతి నేను చూసుకుంటాను.

అక్క


కనమ
3 అక్టోబరు

అక్కకు,

నీ దగ్గర్నుంచి ఉత్తరం లేదు. మంచుకు దారి మూసుకుపోయి బకిత్ ఓష్‌లోనే ఆగిపోయాడన్నారు. ఈ రోజు ఎవరో గొర్రెలవాళ్లు కిందికి పోతుంటే వాళ్ల చేతికి ఇది ఇస్తున్నాను.

బూడిదరంగు గుర్రానికి కాలు మడత పడింది. ముందరి ఎడమ కాలు, గిట్టకు పైన వాచింది. దొరవారు ముందే అడిగారు కదా. ఆయనకు తెలుసు.

దారి కాస్త తెరుచుకుందని, మళ్లీ మంచు పడేలోపు శిబిరం ఎత్తేస్తున్నారు. అందరూ బండ్లలో సామాను ఎక్కిస్తున్నారు, అరుచుకుంటున్నారు. వాళ్ల మాటలు నాకు ఎక్కడో దూరంగా వినిపిస్తున్నాయి. మధ్యాహ్నం దొరవారు వచ్చారు. మొదటిసారి వెలుతురులో చూశాను. నేను అనుకున్నదాని కంటే వయసు తక్కువ. పెదవులు నీలంగా ఉన్నాయి.

"ఈరప్పా, నువ్వు గుర్రాన్ని చూసుకుంటా ఈడే ఉండు. నేను కిందికి పోయి మనుషుల్ని తీసుకోని వస్తాను. యాడికీ పోవద్దు."

"ఎంతసేపట్లో వస్తారు దొరా?"

"వస్తాను."

ఇక్కడ రాళ్లతో కట్టిన కొట్టం ఒకటి ఉంది, పైకప్పు సగం ఉంది. గుర్రాన్ని లోపల కట్టాను. ఆయన కిందికి దిగిపోవడం చూశాను. ఆయన నడిచిన చోట మంచు నలగలేదు. అది చూసినప్పుడు ఏదో గుర్తు రావాలనిపించింది కానీ రాలేదు.

నాన్నకు చెప్పు. ఈ ఇంట్లో పుట్టినవాడు పారిపోడు. ఇంక ఎవరూ ఆ మాట రాయలేరు. నేను కూర్చునే ఉంటాను.

హరి


బెంగళూరు, సినిమా ఆఫీసు
5 అక్టోబరు

హరీ,

నీ ఉత్తరం తెల్లవారి చూశాను. ఆ గొర్రెలవాళ్లకు దారిలోనే బకిత్ ఎదురై ఫొటో తీసి పంపాడట. ఆ మనిషి చల్లగా ఉండాలి. చివరి వాక్యం చదివి, స్కూలుకు పోవాల్సినదాన్ని అదే చీరతో బెంగళూరు బస్సు ఎక్కాను. జూజువాడి దగ్గర బస్సు కదలకపోతే దిగి, చెక్‌పోస్టు దాటేదాకా నడిచి ఆటో పట్టుకున్నాను.

నందితకు నీ ఉత్తరం చదివి వినిపించాను. ఆమె వెంటనే డైరెక్టరు శాటిలైట్ ఫోనుకు చేసింది. ఆయన ఓష్‌లో హోటల్లో ఉన్నాడు.

"హరి వెనక బండిలో ఉన్నాడు కదా?" అన్నాడు.

వెనక బండివాళ్లను అడిగితే, ముందు బండిలో ఎక్కాడనుకున్నాం అన్నారు. రెండు రోజులు, హరీ! రెండు రోజులుగా ఎవరూ నిన్ను లెక్క చూసుకోలేదు. నాకు ఎంత కోపం వచ్చిందంటే, ఆ ఫోను లాక్కుని నాకు వచ్చిన నాలుగు భాషల్లోనూ తిట్టాను.

గొర్రెలవాళ్ల మాట విని బకిత్ అప్పటికే బండి తిప్పాడు. కనమ కింద మంచు తోసే యంత్రం కోసం ఆగి ఉన్నాడట. ఇది ఆయన ఫోనుకే పంపుతున్నాను. చదవడానికి నువ్వు దొరకాలి.

తప్పు నాది కూడా. నాన్న మాటను యథాతథంగా రాసి పంపాను. వేషం వేయకు అన్నాం కానీ, చావమని అనలేదు నాయనా. ఆ కథ అంత బరువైందని మాకు తెలియలేదు. ఎవరు కూర్చోమన్నా సరే, నువ్వు కూర్చోవద్దు.

అక్క


ఓష్, ఆసుపత్రి
11 అక్టోబరు

అక్కా,

బతికే ఉన్నాను. ఎడమ కాలికి రెండు వేళ్లు తీసేశారు. నొప్పి ఉంది కానీ, నొప్పి తెలియడం మంచిదే అంటోంది డాక్టరమ్మ. నీ రెండు ఉత్తరాలూ ఒకేసారి చదివాను. మార్టిన్ వెళ్లిపోయాడన్న సంగతి చదివినప్పుడు ఆశ్చర్యం వేయలేదు. ఆ సంగతి శిబిరంలో నాకూ ఎవరో చెప్పారు, విన్నాను కూడా. విన్నది ఎలా మరిచిపోయానో అదే తెలియడం లేదు.

తాగలేదు. నీ మీద ఒట్టు.

జరిగింది చెబుతాను. నాన్నకు ఎంత చెప్పాలో నువ్వే చూసుకో.

మొదటి రెండు రోజులూ గుర్రం పొట్టకు ఆనుకుని కూర్చున్నాను. చలి తెలియలేదు, ఆకలి వేయలేదు. దొర వస్తాడు, నేను ఉండాలి, అంతే. మూడో రోజు పగలు మంచు ఆగి, ఎండ కాసింది. అప్పుడు ఆయన వచ్చాడు. కొట్టం వాకిట్లో నిలబడి లోపలికి చూశాడు. సరిగ్గా నేను కూర్చున్న చోటుకే.

"ఈరప్పా!"

"ఈడే ఉన్న్యాను దొరా" అన్నాను.

ఆయనకు వినపడలేదు. నేను కనపడలేదు కూడా. లోపలికి వచ్చి మూలమూలలా చూశాడు. నా కాళ్ల మీదుగా నడిచాడక్కా, నాకు ఏమీ తగల్లేదు. బయటికి పోయి కొట్టం చుట్టూ తిరుగుతూ పిలిచాడు. ఈరప్పా, ఈరప్పా అని. ఆ గొంతులో కోపం లేదు. సంతలో పిల్లవాణ్ణి పోగొట్టుకున్నవాడు అలాగే పిలుస్తాడు. పిలుచుకుంటూ పైకి ఎక్కిపోయాడు. కాసేపటికి మళ్లీ కింది నుంచి వచ్చాడు. మళ్లీ వాకిట్లో నిలబడ్డాడు. మళ్లీ అదే చూపు, అదే పిలుపు. ఎన్నిసార్లో తెలియదు.

అప్పుడు నాకు అర్థమైంది. ఆయన మాట తప్పలేదు. ఆయన తిరిగి వచ్చాడు. వచ్చి చూస్తే ఇక్కడ ఎవరూ లేరు.

అది తెలిసినాక నాకు భయం వేసింది. అంతకుముందు లేని చలి ఒక్కసారిగా ఎముకల్లోకి దిగింది. లేవాలనుకున్నాను, కాళ్లు నావి కావు. కళ్లు మూసుకుపోతున్నాయి.

నా ఎడమ పక్కన, చెవికి ఆనుకుని ఎవరో మాట్లాడారు. మన ఊరి మాట. ముసలి గొంతు కాదు, నా వయసువాడిది.

"లేయప్పా. ఈడ కూచుంటే సస్తావు. నేను కూచోలేదు."

అంతే. రెండోసారి అనలేదు. చుట్టూ చూస్తే గుర్రం తప్ప ఎవరూ లేరు. గుర్రం మాత్రం చెవులు నిక్కబొడుచుకుని నా పక్క ఖాళీ చోటును చూస్తోంది.

దాని మెడ పట్టుకుని లేచాను. అది కుంటుతూ, నేను కుంటుతూ కిందికి దిగాం. వెనక పిలుపు చాలా దూరం వినిపించింది. తిరిగి చూడలేదు. వంపు దగ్గర బకిత్ బండి కనపడింది. వాడు ఏడుస్తూ నన్ను కౌగిలించుకున్నాడు. వాడి భాషలో ఏం తిట్టాడో గానీ నువ్వు తిట్టినట్టే ఉంది.

అక్కా, బండిలో పడుకుని ఆ మాటే తలచుకున్నాను. నేను కూచోలేదు. మన ఇంట్లో వందేళ్లుగా ఆయన్ను కూర్చోబెట్టాం కదా.

నడవగలిగిన రోజున విమానం ఎక్కిస్తామన్నారు.

హరి


బేరిగై
15 అక్టోబరు

హరీ,

నీ అక్షరాలు వంకరగా ఉన్నా, నీవే అని గుర్తుపట్టాను. అది చాలు.

నాన్నకు దాచలేదు. దాచి రాసిన ఉత్తరాలు, దాచకుండా రాసిన ఉత్తరాలు రెండూ మనల్ని ఎక్కడికి తెచ్చాయో చూశాం కదా. అరుగు మీద కూర్చోబెట్టి మొత్తం చదివాను. వేళ్ల సంగతి దగ్గర కళ్లు తుడుచుకున్నాడు. దొర తిరిగి వచ్చాడన్న చోట ఆపమన్నాడు.

"తిరిగొచ్చినాడంటనా?"

"అవును నాన్నా."

"మళ్లా సదువు."

నీ చెవి పక్కన పలికిన గొంతు అన్న మాట చదివాను. నేను కూచోలేదు అన్న ముక్క రెండుసార్లు చదివించుకున్నాడు. తరవాత అడిగాడు:

"అట్లయితే ఇంటికెందుకు రాలేదు?"

దారి తప్పాడో, కింద ఏ ఊళ్లోనైనా ఎవరైనా చేరదీశారో, కొట్టం దాటి పది అడుగుల్లోనే పడిపోయాడో. అలా ఒక్కొక్కటీ అంటూ పోయాను. ఆయన లేచి తోటలోకి వెళ్లిపోయాడు. ఆ రోజంతా అన్నం ముట్టలేదు. నిన్న కూడా ఒక ముద్ద తిని లేచాడు. ఆ ఫొటోను ఫోన్లోంచి తీసేద్దామా అనిపించింది నాకు. ఒక మనిషి నూరేళ్లు మాట మీద నిలబడ్డాడని బతికిన ఇల్లు మనది. పారిపోయాడని దొర రాసిందే నిజమని, ఆ మనిషే వచ్చి నీతో చెప్పినట్టు అయింది కదా.

నందిత ఫోన్ చేసింది. పారిపోయాడన్న మాట సినిమాలోంచి తీసేస్తారట. అది చెప్పడానికి ఈ రోజు పొద్దున తోటలోకి పోయాను. నాన్న కాలువ కట్ట మీద నిలబడి మడికి నీళ్లు తిప్పుతున్నాడు. విని, పార నేలకు గుచ్చాడు.

"తియ్యనీ, ఉండనీ, యేమైనా చెయ్యనీ. మా తాత లేచిపోయింది మంచిదే. ఆయప్ప కూచునే ఉంటే, మనోణ్ణి లెయ్యమని చెప్పేదానికి ఎవురుండిరి?"

అని మళ్లీ పార తీసుకున్నాడు. మధ్యాహ్నం రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.

విమానం ఎప్పుడో తెలియగానే చెప్పు. కుందారపల్లిలో కారు నడిపే శశికుమార్ విమానాశ్రయానికి బండి తెస్తానన్నాడు. నేను, నాన్న ఇద్దరం వస్తాం. ఆ రద్దీలో నీకెందుకు నాన్నా, ఇంట్లో ఉండు అంటే వినలేదు. నువ్వు వచ్చేదాకా ఇంట్లో కూర్చోలేడట.

అక్క